గంజి సెల్లు

నీలంపేట బధిర బాలల బడిలో ముప్ఫై ఒక్క మంది పిల్లలు. అందరి చెవులకీ మిషన్లు అమర్చింది హైమావతే. శుక్రవారం సాయంత్రం ఇళ్ళకి బయల్దేరేటప్పుడు ముప్ఫై ఒకటీ పనిచేసేవి. సోమవారం పొద్దున్న ఆవిడ గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్ల వెనకా చప్పట్లు కొడితే, తల తిప్పి చూసేవాళ్ళు పదిమంది కూడా ఉండేవారు కాదు.

తప్పు మిషన్లది కాదు, సెల్లులది. చెవి మిషను తాగే కరెంటు ఏపాటిది? ఒక్క మిల్లీ ఆంపియరు. ఆ కాస్త కరెంటు కోసం పెద్ద సెల్లు పెడితే పిల్లల చెవి మోయలేదు. వాడి పారేసే బొత్తాం సెల్లులు వారం తిరక్కుండా అయిపోతాయి, పట్నం నుంచి వస్తే తప్ప ఇక్కడ దొరకవు. చార్జి చేసుకునే చిన్న సెల్లు పెడితే ఒకటిన్నర రోజు. దాన్ని వాడకుండా డబ్బాలో దాచినా దానంతటదే కారిపోతుంది. పోనీ సెలవు రోజుల్లో ఇంట్లో చార్జి పెట్టుకోండి అందామంటే, ఉప్పు పండే నెలలన్నీ ఆ పిల్లల ఇళ్ళవాళ్ళు మళ్ళ గట్ల మీద తాటాకు పాకల్లో ఉంటారు. అక్కడ ప్లగ్గెక్కడిది?

హైమావతి ఇంజనీరింగు కాలేజీలో పదహారేళ్ళు ఎలక్ట్రానిక్సు చెప్పి, ఆ పని మానేసి ఈ బడికి వచ్చింది. పట్నంలోని ఒక పరిశోధన సంస్థ సాయంతో బడి వెనక రెండు గదుల్లో చిన్న ల్యాబు పెట్టుకుంది. అప్పటికి ఆవిడకి నలభై నాలుగేళ్ళు. సెల్లుల గొడవ తప్ప ఆవిడకి వేరే గొడవ లేదు.

ఆ సోమవారం ఆఖరున వచ్చింది దాలమ్మ, మనవరాలు పున్నమ్మని చేత్తో పట్టుకుని. దాలమ్మ ఉప్పుమడి మనిషి. యాభై నాలుగేళ్ళ వయసులో నలభై ఏళ్ళు ఉప్పునీళ్ళలోనే గడిపింది. కొడుకూ కోడలూ గుజరాతు రేవుల్లో పనికి పోతే ఏడేళ్ళ పున్నమ్మ మామ్మ దగ్గరే పెరుగుతోంది. హైమావతి పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పిల్ల తిరగలేదు.

"మళ్ళీ చార్జి పెట్టలేదా దాలమ్మా?"

"ఎక్కడెట్టాలమ్మా? గట్టుమీద నక్కలకీ నాకూ ఒకటే దీపం, సెందురుడు."

హైమావతి మిషను విప్పి సెల్లు మారుస్తుంటే దాలమ్మ వంగి చూసింది. "నాకో సంగతి సెప్పమ్మా. కరెంటంటే ముట్టుకుంటే సుర్రుమంటాది కదా. మా మూల మడిలో కాలెడితే సిన్నగా సుర్రుమంటాది. మరది కరెంటు కాదేటి?"

"కాలికి ఎక్కడో చీరుకుని ఉంటుంది. ఉప్పు తగిలి మండుతుంది."

"సీరుకుంటే ఒక్క కాలే కదమ్మా మండాల? మా అమ్మకీ అలాగే ఉండేది. ఆ మడిలో దిగిన అందరికీ ఉంతాది."

హైమావతి నవ్వబోయి ఆగిపోయింది. మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పజెప్పి, మల్టీమీటరు సంచీలో వేసుకుని దాలమ్మ వెంట నడిచింది. మూల మడి మిగతా మళ్ళకంటే పల్లంగా ఉంది. తెల్లటి ఉప్పు పొర కింద నల్లటి బురద. మీటరు తీగ ఒకటి బురదలోకి, ఒకటి పైనున్న నీళ్ళలోకి పెట్టింది. ముల్లు లేచి పాయింట్ ఆరు వోల్టు దగ్గర నిలబడింది. పావుగంట అలాగే పట్టుకు నిలబడ్డా దిగలేదు.

"సూసినావా," అంది దాలమ్మ, ఇందులో వింతేముందన్నట్టు.

*

బురదని మంచినీళ్ళతో కడిగితే ఏమీ మిగల్లేదు. ఉప్పునీళ్ళతో కడిగితే మాత్రం నల్లటి పోగులు తేలాయి. వెంట్రుక కంటే సన్నం. సూక్ష్మదర్శిని కింద పెడితే ఒక్కో పోగూ వేల జీవకణాలు ఒకదాని కొసకి ఒకటి అతుక్కున్న తీగ. ఆ తీగ ఒక కొసతో బురదలో తిండి తిని, రెండో కొసతో నీళ్ళలో గాలి పీలుస్తుంది. మధ్యలో నడిచేదే కరెంటు.

అసలు విశేషం హైమావతికి పదిరోజుల తరవాత తెలిసింది. ఒక పోగుల కట్టనుంచి పగలంతా కరెంటు లాగి సున్నాకి దించేసింది. ఇక పారేద్దామనుకుంటూ, చేతికందిన గంజి నాలుగు చుక్కలు వేసి ఇంటికి పోయింది. పొద్దున్న చూస్తే వోల్టేజి మళ్ళీ మొదటికి వచ్చింది. మళ్ళీ దించింది, మళ్ళీ గంజి పోసింది. నలభై సార్లు చేసింది. ప్లగ్గు లేదు, చార్జరు లేదు. రెండు కట్టలు వరసగా కలిపితే సరిగ్గా మామూలు చార్జి సెల్లు ఇచ్చేంత వోల్టేజి, చింతపిక్కంత జాగాలో. గంజి లేని ఇల్లు నీలంపేటలో లేదు.

అయితే పోగుల్ని కట్టగా చేయడం ఎవరికీ చేతకాలేదు. పట్టకారుతో పట్టుకుంటే తెగిపోయేవి. గ్లవుజులు వేసుకుని చేస్తే గంటలో చచ్చిపోయేవి. ఒట్టి వేళ్ళ మధ్య, దీపం వత్తి చేసినట్టు, తడిగా నలిపితేనే ఒకదానికొకటి అతుక్కుని బతికేవి. హైమావతి నెలరోజులు తానే నలిపింది. పదింటికి ఒకటి నిలిచింది. పక్కన కూర్చుని చూస్తున్న దాలమ్మ ఒకరోజు, "ఇలా తే," అని అందుకుంది. ఆవిడ నలిపిన పదీ నిలిచాయి. ఉప్పులో నానిన చేతి చెమటలో ఆ పోగులకి కావలసిందేదో ఉందని హైమావతి నోటుబుక్కులో రాసుకుంది.

అదే పేజీలో కింద ఇంకో వాక్యం కూడా రాసింది. "ఎడమ చూపుడువేలి కొసన నువ్వుగింజంత చోట స్పర్శ లేదు. సోల్డరింగ్ ఐరన్ తగిలిందేమో." నలపడం దాలమ్మకి అప్పజెప్పాక నెల తిరక్కుండానే ఆ చోట స్పర్శ తిరిగొచ్చింది. ఆ సంగతి ఆవిడ రాసుకోలేదు.

వేసవి రాకముందే ముప్ఫై ఒక్క మంది చెవుల వెనకా గంజి సెల్లులు చేరాయి. పోగులు చర్మానికి తగలకుండా గట్టి ప్లాస్టిక్ తొడుగు, గంజి వేయడానికి చిన్న మూత. ఆ తరవాతి సోమవారం హైమావతి గేటు దగ్గర చప్పట్లు కొడితే ముప్ఫై ఒక్క తలలూ తిరిగాయి. ఆవిడ లోపలికి పోయి, ల్యాబు తలుపు వేసుకుని, కాసేపు ఊరికే కూర్చుంది.

పున్నమ్మకి వారం మొత్తం తెరిపి లేకుండా వినపడడం అదే మొదలు. ఆదివారం ఎండ నడినెత్తికొచ్చే వేళ గట్టుమీద చతికిలబడి, మడివైపు చెవి వంచి, "మామ్మా, ఉప్పు సప్పుడు సేస్తంది," అందట. నీళ్ళు ఆరి ఉప్పు పేరుకునేటప్పుడు ఎండకి సన్నగా చిటపటమంటుంది. దాలమ్మ ఆ మాట హైమావతికి చెప్పి, "నలభై ఏళ్ళ బట్టీ అది సప్పుడు సేస్తానే ఉందమ్మా. నానే ఇనడం మానీసినాను," అంది.

*

కబురు పట్నం చేరింది. సంస్థ డైరెక్టరు తానే ఫోను చేశాడు. కరెంటులేని ఏజెన్సీ ఊళ్ళలో పిల్లలున్నారు, గుండె కొట్టుకునే తీరు చూసే చిన్న మిషన్లున్నాయి, అన్నిటికీ ఇలాంటి సెల్లే కావాలి, వర్షాల్లోపు రెండువేలు చేయగలరా అని అడిగాడు. హైమావతి దాలమ్మని అడిగింది. దాలమ్మ మళ్ళలోంచి పదిమంది ఆడవాళ్ళని తీసుకొచ్చింది. ఉప్పు లాగే చెక్క పలకలు పక్కన పెట్టి, నీడపట్టున పీటల మీద కూర్చుని చేసే పని. ఎవరూ కాదనలేదు. అందరిలోకీ చిన్నది నూకరత్నం, నాలుగు నెలల పసిపిల్లని గోనెపట్టా మీద పడుకోబెట్టుకుని పని చేసేది. ల్యాబు గదులు కబుర్లతో నిండిపోయాయి. దాలమ్మ ఒక్కొక్కరి వెనకా తిరుగుతూ, "వొత్తకూడదే, జోకొట్టినట్టు సెయ్యాల," అని నేర్పేది.

రెండు నెలల్లో పదకొండు వందల సెల్లులయ్యాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఏవో కాగితాల మీద వేలిముద్ర కోసం హైమావతి దాలమ్మ పాకకి వెళ్ళింది. దాలమ్మ తినకుండా పోనివ్వనంది. కవళ్ళ పులుసు, వేడన్నం. కవళ్ళు ముళ్ళ చేప. దాలమ్మ ఒక్కో ముక్కా వేళ్ళతో విరిచి, ముళ్ళు ఏరి, మనవరాలి చేతిలో పెడుతోంది. కబుర్లు చెబుతూ, కళ్ళు హైమావతి మీద ఉంచే ఆ పని చేస్తోంది. ఉన్నట్టుండి పున్నమ్మకి పొలమారింది. మొహం ఎర్రబడింది, రెండు చేతులతో గొంతు పట్టుకుంది. హైమావతి పిల్ల తల వెనక్కి వంచి, సంచీలోని టార్చి వేసి చూసింది. ముల్లు నాలిక వెనక అడ్డంగా దిగి ఉంది. మిషన్లు విప్పే పట్టకారుతోనే దాన్ని పట్టి లాగింది. ముల్లుతో పాటు కాస్త నెత్తురొచ్చింది. పిల్ల ఏడ్చి, నీళ్ళు తాగి, మామ్మ ఒళ్ళో తలపెట్టుకుంది.

హైమావతి పళ్ళెం చూసింది. విడదీసిన ముక్కల్లో ముళ్ళు అలాగే ఉన్నాయి.

"చూసుకోలేదా దాలమ్మా?"

"సేప ముల్లు సూసి ఎవులు తీస్తారమ్మా? ఏళ్ళే సెప్తాయి." దాలమ్మ తన కుడిచేతిని తిప్పి చూసుకుంది. "ఏళ్ళు సెప్పడం మానీసినాయి."

హైమావతి చీరకున్న పిన్నీసు తీసింది. దాలమ్మని కళ్ళు మూసుకోమని, ఒక్కొక్క వేలి కొసా తాకిస్తూ పోయింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. రెండు చేతులకీ అవే మూడేసి. నెత్తుటి చుక్క వచ్చేదాకా గుచ్చినా దాలమ్మ కదల్లేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"శివరాత్రికి ముందే మొదలైనాది. తిమ్మిరి అనుకున్నాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"సెప్తే ఆపీమంటావు," అంది దాలమ్మ.

హైమావతి పిన్నీసు మళ్ళీ చీరకి గుచ్చుకుంది. తన నోటుబుక్కులో నువ్వుగింజంత చోటు గురించి రాసిన వాక్యం కళ్ళముందు కదిలింది. ఆ వాక్యాన్ని అప్పట్నుంచీ ఒక్కసారైనా తిరగేసి చూడలేదు. ఎందుకు చూడలేదో ఆవిడకి తెలుసు. చూస్తే ఆపవలసి వచ్చేది.

"నాకూ తెలుసు దాలమ్మా," అంది. "మొదటి నెలలోనే నా వేలికి వచ్చింది. నేను నలపడం మానేశాక పోయింది. అయినా నీ చేతికిచ్చాను."

దాలమ్మ ఆవిడ వంక చూసింది. కోపం వచ్చినట్టు లేదు, ఆశ్చర్యపడినట్టూ లేదు. ఒళ్ళో పిల్ల జుట్టు సవరించి, "అన్నం సల్లారిపోతంది, తిను," అంది.

*

మర్నాడు దాలమ్మ వేలికొసనుంచి గీసిన చర్మపు పొర సూక్ష్మదర్శిని కింద పెడితే నల్లటి పోగులు కనబడ్డాయి. చెమట రంధ్రాల్లోంచి దిగి, చర్మం కింద వరసగా పరుచుకున్నాయి. హైమావతి దాలమ్మని పక్కన కూర్చోబెట్టి అద్దంలోంచి చూపించింది.

"మన ఒంట్లో నరాల్లో నడిచేది కూడా కరెంటు లాంటిదే దాలమ్మా. ఈ మిషను తాగేదానికన్నా ఎంతో తక్కువ. ముల్లు గుచ్చుకుంటే ఆ కాస్తా వేలినుంచి తలదాకా పోవాలి. ఇవి దారిలోనే లాగేసుకుంటున్నాయి."

దాలమ్మ అద్దంలోంచి తల ఎత్తలేదు. "నా ఏళ్ళ మీద బతుకుతున్నాయన్నమాట."

"ఇవాళే ఆపేద్దాం."

"ఆపొద్దు." ఆ మాట మెల్లగానే అంది. "నా ఏళ్ళు నలభై ఏళ్ళు పని సేసినాయి. ఇంక ఏటి సెయ్యాలవి? ఆ గుంట ఇప్పుడిప్పుడే మాటలు నేర్సుకుంతంది. నిన్న నన్ను పేరెట్టి పిలిసినాదమ్మా, దాలమ్మా అని, నవ్వుకుంటా. నా ఏళ్ళు నా ఇష్టం."

వేళ్ళు దాలమ్మవే. కాని పక్క గదిలో ఇంకో పదిమంది ఉన్నారు. ఆ మాటే అంది. దాలమ్మ మొహం మారింది. లేచి పక్క గదిలోకి వెళ్ళి, "అందరూ సేతులు కడుక్కుని ఇలా రండే," అని పిలిచింది.

పిన్నీసు దాలమ్మే పట్టుకుంది. తన వేళ్ళకి పిన్నీసు ఉన్నదీ లేనిదీ తెలియదు కాబట్టి కళ్ళతో చూసుకుంటూ ఒక్కొక్కరి వేలికీ తాకించింది. ఏడుగురు "అబ్బా" అని చెయ్యి లాక్కుని నవ్వారు. ఇద్దరికి ఒక్కో వేలు తెలియలేదు. ఆఖరున నూకరత్నం వచ్చింది. ఆ పిల్లకి కుడిచేతి మూడు వేళ్ళూ తెలియలేదు.

"ఎప్పుటినుంచే?"

నూకరత్నం తలొంచుకుంది. "తెలీదు పెద్దమ్మా. మొన్న పిల్లకి నీళ్ళోస్తే గుక్కెట్టి ఏడిసినాది. ఒళ్ళంతా ఎర్రగా కందిపోనాది. సెయ్యెట్టి సూసుకునే పోసినాను. నాకు సల్లగానే తగిలినాయి."

గోనెపట్టా మీద పసిది కాళ్ళు తన్నుకుంటూ ఆడుకుంటోంది. దాలమ్మ వెళ్ళి ఆ పిల్ల చొక్కా పైకెత్తి, పొట్టమీద ఇంకా పోని ఎర్రటి మచ్చ చూసింది. చొక్కా మళ్ళీ దింపింది. నలపవలసిన పోగులున్న గిన్నెలు ఒక్కొక్కటీ తెచ్చి గది మధ్యన పెట్టింది. బిందెలోంచి మంచినీళ్ళు తెచ్చి గిన్నెల్లో పోసింది. నల్లటి పోగులు కాసేపు తేలి, బూడిదరంగుకి తిరిగి, అడుక్కి దిగిపోయాయి.

"ఎల్లండమ్మా," అంది. "రోజూ రెండు పూటలా గోరెచ్చటి మంచినీళ్ళల్లో సేతులు నానెట్టండి. నీళ్ళు ఎంత కాగినాయో ఇంకొకళ్ళ సేత సూపించుకోండి. రేపట్నుంచి ఈ పని లేదు."

*

హైమావతి తన వేలి సంగతితో సహా అంతా చెప్పినా డైరెక్టరు ఫోనులో కోప్పడలేదు. మంచిగానే మాట్లాడాడు. "మీ వేలికి నెలలో తగ్గింది కదండీ. రెండు నెలలకోసారి మనుషుల్ని మారుస్తూ పోదాం. ఎవరికీ శాశ్వతంగా నష్టం ఉండదు. అటు పక్క ఎంతమంది పిల్లలున్నారో ఆలోచించండి."

హైమావతి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు బల్ల ముందు కూర్చుని, మొదటినుంచి చివరిదాకా జరిగింది జరిగినట్టు నివేదిక రాసింది. పదకొండు మంది చేతుల పరీక్షా, పసిపిల్ల ఒంటిమీది మచ్చా, తన నోటుబుక్కులోని నువ్వుగింజంత చోటూ, అది తెలిసీ తను ఊరుకోవడమూ, అన్నీ. మడి ఎక్కడుందో మాత్రం రాయలేదు. నివేదిక అందిన నెలకి సంస్థ సాయం ఆపేసింది. పట్నం పంపిన సెల్లుల్ని వాళ్ళు వెనక్కి పంపలేదు, ఏంచేశారో చెప్పలేదు.

ఏటా వర్షాల ముందు మూల మడి గట్టు ఎత్తుచేసి, లోపలి చిక్కటి నీళ్ళు పోకుండా కాపాడేవారు. ఆ ఏడు ఎవరూ పార పట్టలేదు. వానలకి మంచినీళ్ళు నిండి, మడి నెలరోజులు చెరువులా ఉంది. నీళ్ళు తీసిన తరవాత హైమావతి మీటరు పట్టుకెళ్ళి చూసింది. ముల్లు లేవలేదు.

పిల్లల చెవుల సంగతి మిగిలింది. ముందు అందరి చెవులూ చర్మం డాక్టరుకి చూపించింది. ఎవరికీ ఏమీ లేదు. గంజి పోస్తూ ఉన్నా పోగుల ఆయుష్షు ఏడాదే, కాబట్టి ఉన్న గంజి సెల్లులు ఇంకో ఏడెనిమిది నెలలు ఆడతాయి. ఈలోగా ఆవిడ పాత చార్జి సెల్లుల దగ్గరికే తిరిగొచ్చింది. ఒక్కో పిల్లకి మూడు సెల్లులు. బడి కప్పుమీద సోలార్ పలక, దాని కింద తొంభై మూడు గుంటలున్న చార్జింగు పెట్టె. ఆ పదిమంది ఆడవాళ్ళలో నలుగురు బడి లేని రోజుల్లో నిండు సెల్లులు డబ్బాల్లో పెట్టుకుని గట్లవెంట పాక పాకకీ తిరిగి, ఖాళీవి తెచ్చేవారు. కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, కాళ్ళ కష్టం తప్ప. సోమవారాల్లో గేటు దగ్గర ముప్ఫై ఒక్క తలలూ తిరక్కపోయినా, ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో తిరిగేవి.

నూకరత్నానికి దసరా నాటికి స్పర్శ తిరిగొచ్చింది. మిగతా ఇద్దరికీ అంతకుముందే వచ్చింది. దాలమ్మకి ఎడమ బొటనవేలు ఒక్కటే తెలుస్తోంది. నరాల డాక్టరు చూసి, నలభై ఏళ్ళు ఉప్పులో నానిన చర్మం కదా, పోగులు లోపలిదాకా పోయాయి, ఇంతకంటే ఆశ పెట్టుకోవద్దన్నాడు. దాలమ్మ ఆ మాట విని, "సర్లే బావూ," అని లేచొచ్చింది.

పున్నమ్మ చెవిలోని గంజి సెల్లే అన్నిటికన్నా ఆఖర్న ఆగింది. ఒక గురువారం సాయంత్రం బడి వదిలే వేళకి దాలమ్మ తీసుకెళ్ళడానికి వచ్చింది. హైమావతికి ఏదో చెబుతూ చెబుతూ పిల్ల మధ్యలో ఆగి, చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆగిపోనాది," అంది.

హైమావతి బెంచీ మీద కూర్చోబెట్టి సెల్లు మార్చింది. కొత్తది పెట్టగానే పిల్ల ఆపిన చోటునుంచే మళ్ళీ అందుకుంది. పాత సెల్లు హైమావతి గుప్పిట్లో ఉండిపోయింది.

"ఎల్లొస్తామమ్మా," అంది దాలమ్మ.

ఇద్దరూ గేటు దాటి గట్టు ఎక్కారు. రెండు పక్కలా కొత్త ఉప్పు తెల్లగా తేలుతోంది. పిల్ల ఆగకుండా మాట్లాడుతోంది, దాలమ్మ ఊ కొడుతోంది. హైమావతి గేటు దగ్గరే నిలబడి చూసింది. మామ్మ కుడిచెయ్యి పిల్ల పట్టుకునే ఉంది. అయినా దాలమ్మ నాలుగడుగులకోసారి తల వంచి, తన చేతిలో ఆ చెయ్యి ఉందో లేదో చూసుకుంటూ నడుస్తోంది.